ఎంజీబీకి ఏ సైలెన్సర్? ఒక బావ, ఒక బావమరిది

ఇద్దరూ ఇంగ్లండులో స్థిరపడ్డవాళ్లే. బావగారి దగ్గర 1970 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ ఉంది. 1962 నుంచి 1980 దాకా అబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారైన రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. దాని వెనక సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లులు పడింది. కొత్తది ఏది వెయ్యాలన్న దగ్గర పేచీ మొదలైంది.

బావమరిది: ఇందులో ఆలోచించడానికేముంది బావా! స్టెయిన్‌లెస్ స్టీలుది, స్ట్రెయిట్-త్రూ వేసెయ్యండి, పొగ తిన్నగా బయటికి పోయే రకం. మధ్యలో ఉన్న రెండో సైలెన్సర్ పెట్టె కూడా పీకేద్దాం. స్పోర్ట్స్ కారు వస్తోందంటే వీధి చివరే తెలియాలి.

బావ: వీధి చివర నిలబడి నువ్వు వినేది అర నిమిషం. లోపల కూర్చుని గంటల తరబడి వినాల్సింది నేను. మోటార్‌వే మీద 70 మైళ్ల వేగంలో, ఓవర్‌డ్రైవ్ వేసినా, అదే ఇంజను నెమ్మదిగా తిరిగేలా చేసే అదనపు గేరు, ఇంజను 3,200 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. నాలుగు సిలిండర్లకు లెక్కేస్తే సెకనుకు వందకు పైగా పేలుళ్లు. ఆ హోరు ఆగదు, తగ్గదు, తల దిమ్మెక్కుతుంది. మీ అక్క ఒక్కసారి ఎక్కిందంటే మళ్లీ ఎక్కదు.

బావమరిది: మధ్యలో అక్కనెందుకు లాగుతారు? పవర్ సంగతి చూడండి. ఫ్యాక్టరీ సైలెన్సర్‌లో పొగ లోపలి గదులన్నిటినీ చుట్టి రావాలి. స్ట్రెయిట్-త్రూ అంటే చిల్లుల గొట్టం, దాని చుట్టూ గ్లాస్‌ఊల్, అంతే. పొగకి అడ్డమే లేదు.

బావ: ఏ ఇంజనుకి చెబుతున్నావోయ్? 1,798 సీసీ, 95 హార్స్‌పవర్. దాని హెడ్‌లో, అంటే ఇంజను పైభాగంలో, నాలుగు సిలిండర్లకీ కలిపి ఎగ్జాస్ట్ పోర్టులు, పొగ బయటికొచ్చే దారులు, మూడే. రెండో సిలిండరు, మూడో సిలిండరు ఒకే దారిన కక్కాలి. గాలీ పెట్రోలూ లోపలికెళ్లే ఇన్‌లెట్ వైపు మరీ అన్యాయం, రెండే. ఇరుకంతా అక్కడుంటే నువ్వొచ్చి బంపరు కింద వెడల్పు చేస్తానంటావు.

(దీనికి బావమరిది దగ్గర జవాబు లేదు. ఉన్నట్టుండి తుప్పు మీదికి వెళ్లిపోయాడు. అయితే అతని బలం నిజంగా అక్కడే ఉంది.)

బావమరిది: సరే, పవర్ వదిలెయ్యండి. తుప్పు మాటేమిటి? లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. మీరు బండి తీసేది ఆదివారం, వెళ్లేది పక్కూరి పబ్బుకి. గొట్టం చివరిదాకా వేడెక్కకముందే తెచ్చి గ్యారేజీలో పెట్టేస్తారు. ఆవిరంతా వెనక పెట్టెలో నీరై, ఆమ్లంతో కలిసి అడుగున నిలుస్తుంది. చూడండి, పైన పెయింటు ఇంకా అలాగే ఉంది. లోపల్నుంచి తినేసింది. మళ్లీ మామూలు స్టీలుదే వేస్తే మళ్లీ ఇదే కథ.

బావ: స్టెయిన్‌లెస్ వద్దని నేనెప్పుడన్నాను? అందులోనూ నంబర్లతో రకాలున్నాయి. 409 రకంలో క్రోమియం 11 శాతం చుట్టూ ఉంటుంది. 304లో 18, పైగా నికెల్. 409కి అయస్కాంతం అంటుకుంటుంది, 304కి దాదాపు అంటుకోదు. షాపుకి వెళ్లేటప్పుడు జేబులో ఒకటి వేసుకో. ఒక్కటే, 304 వేడికి మామూలు స్టీలు కన్నా ఎక్కువ సాగుతుంది. బిగించేటప్పుడు బాడీకి తగలకుండా సందు వదలకపోతే దారంతా టకటకే.

బావమరిది: మరి స్ట్రెయిట్-త్రూ మీద ఏమిటంత పగ?

బావ: లోపలి గ్లాస్‌ఊల్ ఎన్నాళ్లుంటుంది? వేడికి, పొగ తోపుకి పొడిపొడిగా రాలి బయటికి పోతుంది. కొన్నప్పుడు గుర్రుమన్నది పోను పోను అరుస్తుంది. పైగా ఇక్కడ 1986 నాటి నిబంధనలున్నాయి. తయారైన తర్వాత సైలెన్సర్‌ని మోత పెరిగేలా మార్చకూడదు.

బావమరిది: 40 ఏళ్లు దాటిన బండికి ఎంఓటీ పరీక్షే, ఆ ఏటేటా చేసే ఫిట్‌నెస్ తనిఖీయే, అక్కర్లేదు కదా!

బావ: పరీక్ష అక్కర్లేదన్నారు గానీ చట్టం వర్తించదనలేదు.

బావమరిది: పోనీ, యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఆ పటపట అయినా...

బావ: ఈ బండిలో అది చాలాసార్లు లీకు లక్షణం. ఎక్కడో జాయింటు వదులై గాలి లోపలికి పోతోంది, కాలకుండా మిగిలిన పెట్రోలు గొట్టంలో అంటుకుంటోంది. దాన్ని డబ్బులిచ్చి కొనుక్కుంటానంటావు. ఇంకో మాట, పొగదారి మరీ సులువైతే మిక్చర్ లీన్ అవ్వొచ్చు, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందకపోవచ్చు. ప్లగ్గులు తెల్లబడితే రెండు ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లకీ పెట్రోలు కొలిచే సూదులు మార్చాలి. ఆ ఖర్చు నీ లెక్కలో ఉందా?

బావమరిది: అయితే మధ్య పెట్టె ఉంచేద్దాం. వెనకది మాత్రం స్ట్రెయిట్-త్రూ. రెండూ 304.

(నాకైతే ఇది న్యాయమైన బేరంగానే తోచింది. మధ్య పెట్టె ఉంటే ఆ హోరు కొంతైనా అణుగుతుంది. బావగారు దిగిరాలేదు.)

బావ: వెనకది కూడా గదులదే. స్టెయిన్‌లెస్‌లో అవీ దొరుకుతాయి. అది సరే, పైపు ఆర్డరిచ్చే ముందు మానిఫోల్డు దగ్గర, ఇంజను పొగంతా పైపులోకి చేర్చే ముక్క దగ్గర, ఇత్తడి నట్లు ఊడతాయో లేదో చూడాలి. నట్టు ఎక్కే స్టడ్డు విరిగిందంటే మానిఫోల్డు మొత్తం దించుకోవాల్సిందే.

బావమరిది: ఈ రాత్రికి నూనె పోసి ఉంచండి. పొద్దున్నే వచ్చి నేను విప్పేస్తాను.

బావ: నూనె నువ్వు పొయ్యి. స్పానరు మాత్రం నా చేతిలోనే ఉంటుంది.