ఉద్యోగం నిలబడిందా అని ఎవరూ అడగని ట్రైనింగ్

మా వీధి చివరింటి అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరంలో చదువు ఆపేసింది. ఇంట్లో పరిస్థితి అలాంటిది. మూడు నెలలు ఉచిత శిక్షణ, ఆ తర్వాత ఉద్యోగం గ్యారంటీ అని ఎవరో చెబితే టౌన్లో ఒక సెంటర్‌కి వెళ్లి ఆస్పత్రి సహాయకుల కోర్సులో చేరింది. బ్యాగ్ ఇచ్చారు, టీషర్ట్ ఇచ్చారు, చివర్లో సర్టిఫికెట్ ఇచ్చారు, హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో పని కూడా చూపించారు. జీతం పదివేలు, అందులో హాస్టల్‌కే ఆరువేలు, వారంలో సగం రోజులు నైట్ డ్యూటీ. శిక్షణ మొత్తంలో ఒక్కరోజైనా పేషెంట్ మంచం పక్కన నిలబెట్టి నేర్పలేదు కాబట్టి వార్డులో మొదటి రోజు నుంచే తిట్లు. నలభై రోజులకి ఇంటికొచ్చేసింది. ఇంకో రెండు నెలలకి సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది, ఎవరైనా అడిగితే ఇంకా అక్కడే చేస్తున్నానని చెప్పమ్మా అని.

ఆ ఫోన్ సంగతి విన్నప్పుడు నాకు ఆ సెంటర్ వాళ్ల మీదే కోపం వచ్చింది. ఈ పథకాలకి డబ్బు ఎలా విడుదలవుతుందో చదివాక ఆ కోపం వాళ్ల దగ్గర ఆగలేదు, పైకి పోయింది.

2015లో కేంద్రం అన్ని శాఖల శిక్షణ పథకాలకీ కలిపి కామన్ నార్మ్స్ అని ఒక పద్ధతి తెచ్చింది. మనిషికి, గంటకి ఇంత అని రేటు. మెషీన్లు, పరికరాలు ఎక్కువ కావాల్సిన మొదటి కేటగిరీ కోర్సులకి అప్పుడు పెట్టింది గంటకి 38 రూపాయల 50 పైసలు, మిగతా రెండు కేటగిరీలకి 33, 27.50. తర్వాత రేట్లు పెరిగాయి, కానీ లెక్క అర్థం కావడానికి ఇవి చాలు. 400 గంటల కోర్సు అనుకోండి, మొదటి కేటగిరీలో ఒక్కో అభ్యర్థికి 15,400 రూపాయలు అవుతుంది. ఇది మూడు వాయిదాల్లో వచ్చేది. బ్యాచ్ మొదలవగానే 30 శాతం, అంటే 4,620. పరీక్ష పాసై సర్టిఫికెట్ చేతికొచ్చాక 50 శాతం, అంటే 7,700. ఉద్యోగాలు వచ్చాయని చూపిస్తే మిగిలిన 20 శాతం, 3,080. బ్యాచ్‌లో 70 శాతం మందికి పని దొరికితే ఈ చివరి వాయిదా పూర్తిగా ఇచ్చేవారు, సగం మందికి కూడా దొరక్కపోతే ఇచ్చేవారు కాదు. కానీ అప్పటికే మనిషికి 12,320 రూపాయలు సెంటర్‌కి చేరిపోయి ఉండేవి.

ఇప్పుడు సెంటర్ నడిపేవాళ్ల వైపు నుంచి ఆలోచించండి. ఒక పిల్లకి సరైన ఉద్యోగం వెతకాలంటే కంపెనీలతో మాట్లాడే మనిషి కావాలి, ఊళ్లో అమ్మానాన్నల్ని ఒప్పించాలి, హాస్టల్ చూడాలి, మొదటి నెల జీతం వచ్చేదాకా ఖర్చులకి చూసుకోవాలి, మూడు నెలల పాటు జీతం స్లిప్పులు తెప్పించుకుంటూ వెంటపడాలి. ఇదంతా 3,080 రూపాయల కోసం. దానికన్నా ఇంకో బ్యాచ్ మొదలుపెట్టడం తేలిక, మళ్లీ 30 శాతం వెంటనే వస్తుంది. దీనికి మోసగాడే అయి ఉండక్కర్లేదు, అద్దె కట్టాల్సిన మామూలు మనిషైనా ఆ వైపే వెళతాడు. ప్రభుత్వం దేనికి డబ్బు కడితే అదే తయారవుతుంది. మనం సర్టిఫికెట్లకి కట్టాం, సర్టిఫికెట్లు తయారయ్యాయి.

ఈ తలకాయల లెక్క పైనుంచే వచ్చింది. 2022 నాటికి 50 కోట్ల మందికి నైపుణ్య శిక్షణ అని 2009 జాతీయ విధానం చెప్పింది. 2015 విధానంలో అది 40 కోట్లయింది. అంత పెద్ద అంకె ఢిల్లీలో పెట్టుకుంటే అది రాష్ట్రానికి, జిల్లాకి, చివరికి మండలంలో సెంటర్ దాకా ఈ నెల ఇన్ని బ్యాచ్‌లు అన్న టార్గెట్‌గానే దిగుతుంది. ఇలాంటి ఉచిత శిక్షణ ఇచ్చే కేంద్ర పథకం, ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన, 2015 జూలైలో మొదలైంది. 2016 నుంచి 2020 దాకా నడిచిన రెండో దశ ఒక్కదానికే 12,000 కోట్లు కేటాయించారు. ఈ పథకం మొదటి మూడు దశల మీద, ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ముందుకొచ్చింది. స్వల్పకాలిక కోర్సుల్లో సర్టిఫికెట్ పొందినవాళ్లలో ఉద్యోగం వచ్చినట్టు రికార్డు ఉన్నది 41 శాతం మందికి. సుమారు 96 లక్షల మంది అభ్యర్థుల్లో 94 శాతానికి పైగా పేర్ల ఎదురుగా బ్యాంక్ ఖాతా నంబర్ గడి ఖాళీగానో, సున్నాలతోనో ఉంది. నింపిన కొన్ని గడుల్లోనూ వరసగా ఒకట్లు, 123456 లాంటి అంకెలు కనిపించాయి.

ఖాతా నంబర్ ఎందుకంటే, సర్టిఫికెట్ వచ్చిన అభ్యర్థికి నేరుగా 500 రూపాయలు వెయ్యాలి. ఆ 500 చిన్న మొత్తమే. కానీ మనిషి ఎవరో, ఎక్కడున్నాడో, డబ్బు అందిందో లేదో తెలియకుండానే అతని పేరు మీద శిక్షణ పూర్తయిందని రాసుకున్నారంటే, ఆ తర్వాత అతనికి ఉద్యోగం నిలబడిందా అని వెతకడం ఎవరి తరం?

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. పథకం నాలుగో దశలో స్వల్పకాలిక శిక్షణకి ఉద్యోగంతో ఉన్న లింకునే తీసేశారు. అభ్యర్థి తనకి నచ్చిన దారి ఎంచుకుంటాడు, స్వయం ఉపాధికి వెళ్తాడు, పై చదువుకి వెళ్తాడు అని వివరణ. వినడానికి బాగానే ఉంటుంది, కొందరి విషయంలో నిజం కూడా. కానీ ఆ 20 శాతమైనా ఉద్యోగం గురించి అడిగే ఒకే ఒక్క ప్రశ్న, దాన్ని కూడా కొట్టేశాం.

ఇక్కడే గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ల సంగతి చెప్పాలి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఏ ఊరెళ్లినా దుబాయ్‌లోనో మస్కట్‌లోనో పదేళ్లు షట్టరింగ్, రాడ్ బెండింగ్, పైప్ ఫిట్టింగ్ చేసినవాళ్లు కనిపిస్తారు. చేతిలో పని ఉంది, కాగితం లేదు. పని వచ్చినవాడిని పరీక్షించి గుర్తింపు ఇచ్చే ఏర్పాటు, అధికారిక భాషలో ఆర్‌పీఎల్, ఇలాంటివాళ్ల కోసమే ఉండాలి. సరిగ్గా చేస్తే హైదరాబాద్‌లో బిల్డర్ దగ్గరైనా, మళ్లీ విదేశం వెళ్లినా, హెల్పర్ జీతానికి బదులు మేస్త్రీ జీతం అడిగే హక్కు ఆ కాగితం వల్ల వస్తుంది. ఆచరణలో ఆర్‌పీఎల్ అంటే కొద్ది గంటల ఓరియెంటేషన్, ఒక అసెస్‌మెంట్, ఒక సర్టిఫికెట్ అన్నట్టుగా జరిగింది, ఎందుకంటే అంకెలు తొందరగా పెంచుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. ఏ మేస్త్రీ కూలి పెరిగింది అన్న లెక్క ఎవరూ కట్టలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో స్కిల్ డెవలప్‌మెంట్ అన్న మాట ఇంటింటికీ తెలిసింది 2023 సెప్టెంబర్‌లో, స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ కేసులో చంద్రబాబు నాయుడు అరెస్టుతో. ఆ కేసులో తప్పొప్పుల జోలికి నేను పోను. కానీ నెలల తరబడి టీవీల్లో జరిగిన చర్చంతా డబ్బు ఎటు పోయిందని ఒకరు, ఎటూ పోలేదని ఇంకొకరు. ఆ సెంటర్లలో నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు, ఎంత సంపాదిస్తున్నారు అనే ప్రశ్న చర్చకే రాలేదు. రెండు పక్షాల్లో ఎవరి దగ్గరున్నా ఆ ఒక్క జాబితా బయటపెడితే సగం వాదన అక్కడే తేలేది.

తెలంగాణ ఇంకో దారి పట్టింది. 65 ప్రభుత్వ ఐటీఐలని టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే ప్రాజెక్టుకి 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. మొత్తం 2,324 కోట్లు, అందులో టాటా వాళ్లది దాదాపు 2,016 కోట్లు, ప్రభుత్వానిది 308 కోట్లు. కర్ణాటక 150 ఐటీఐలతో, తమిళనాడు 71 ఐటీఐలతో ఇలాంటి ఒప్పందమే అంతకుముందే చేసుకున్నాయి. నాకు ఇది మంచి పనే అనిపిస్తుంది. పాత లేత్ మెషీన్ల మీద నేర్చుకుని కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్లు ఉన్న ఫ్యాక్టరీకి వెళ్లే కుర్రాడికి మొదటి రోజే కాళ్లు వణుకుతాయి.

అయితే మెషీన్ కొనడానికి ఒకసారి డబ్బు పెడితే అయిపోతుంది, దాన్ని నేర్పే మనిషికి నెలనెలా జీతం ఇవ్వాలి. మన ప్రభుత్వాలకి మొదటిది ఇష్టం, రెండోదంటే చెయ్యి రాదు. ఐటీఐలో చదివిన ఎవరినైనా అడిగి చూడండి, ట్రేడ్‌కి రెగ్యులర్ ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడా, లేక ఒకే సార్ రెండు ట్రేడ్‌లు చూశాడా అని. కొత్త సీఎన్‌సీ మెషీన్ మీద కుర్రాడు టూల్ విరగ్గొట్టాలి, పక్కన నిలబడి ఎందుకు విరిగిందో చెప్పే మనిషి ఉండాలి, విరిగిన టూల్ స్థానంలో ఇంకోటి కొనడానికి ప్రిన్సిపాల్ దగ్గర డబ్బుండాలి. ఈ మూడూ లేకపోతే ఆ మెషీన్‌కి కవర్ కప్పి ఉంచుతారు. 2025 మేలో కేంద్రం 1,000 ప్రభుత్వ ఐటీఐల కోసం ఆమోదించిన 60,000 కోట్ల పథకంలో ఇన్‌స్ట్రక్టర్లకి శిక్షణనిచ్చే 5 జాతీయ సంస్థలని బాగుచెయ్యడం కూడా ఉంది, వాటిలో హైదరాబాద్ ఒకటి. ఆ పథకం మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం అదే, దాని గురించి పేపర్లలో వచ్చింది మాత్రం చాలా తక్కువ.

తమిళనాడు నుంచి మెషీన్లకన్నా ముందు నేర్చుకోవాల్సింది వేరే ఉంది. అక్కడ ప్రభుత్వ ఐటీఐలో చదివేవాళ్లకి నెలకి 750 రూపాయల స్టైపెండ్, ఉచిత బస్ పాస్, సైకిల్ ఇస్తారు. ప్రభుత్వ బడిలో చదివి వచ్చిన ఆడపిల్లలకి పుదుమై పెణ్ పథకం కింద, మగపిల్లలకి తమిళ్ పుదల్వన్ కింద నెలకి వెయ్యి రూపాయలు అదనం, అదీ కాలేజీకి వెళ్లినా ఐటీఐకి వెళ్లినా. శిక్షణ మధ్యలో మానేసే పిల్లలు చాలామంది పాఠం అర్థంకాక మానెయ్యరు. రోజుకి అరవై రూపాయల బస్ చార్జీ, మధ్యాహ్నం తిండి, ఇంటికి వెంటనే కావాల్సిన కూలి డబ్బులు, వీటి దగ్గర ఆగిపోతారు. ఆ ఖర్చు భరించడాన్ని మనవాళ్లు సంక్షేమం పద్దులో వేసి పక్కన పెడతారు. నా దృష్టిలో అది శిక్షణ ఖర్చే.

పనిచోటే నేర్చుకునే అప్రెంటిస్‌షిప్‌కి మన దగ్గర 1961 నుంచి చట్టం ఉంది. 30 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే సంస్థ తన సిబ్బందిలో కనీసం 2.5 శాతం మందిని అప్రెంటిస్‌లుగా తీసుకోవాలి. 2016లో వచ్చిన పథకం ప్రకారం వాళ్ల స్టైపెండ్‌లో నాలుగో వంతు, గరిష్ఠంగా 1,500 రూపాయలు ప్రభుత్వమే భరిస్తుంది. పనిచోటే నేర్చుకోవడం ఎంత మేలైనదో చూడాలంటే హైదరాబాద్‌లో బాలానగర్ వెళ్తే చాలు. అక్కడ 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో టూల్ అండ్ డై డిప్లొమా చేసేవాళ్లు ఏళ్ల తరబడి వర్క్‌షాప్‌లో చేతులు నల్లగా చేసుకుంటారు. మూడు నెలల కోర్సుతో అలాంటి పనివాడు తయారవడు.

మరి ప్రభుత్వం దేనికి డబ్బు కట్టాలి? ఆరు నెలలు, ఏడాది పాటు నిలబడిన ఉద్యోగానికి. అది కనిపెట్టడం కష్టమేమీ కాదు, ఎందుకంటే కేంద్రమే ఆ పని ఇప్పుడు ఇంకోచోట చేస్తోంది. 2025 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజనలో మొదటిసారి ఉద్యోగంలో చేరినవాళ్లకి 15,000 దాకా ఇస్తారు, ఒక వాయిదా ఆరు నెలల సర్వీస్ తర్వాత, రెండోది పన్నెండు నెలల తర్వాత. పీఎఫ్ రికార్డే రుజువు. 99,446 కోట్ల పథకం పీఎఫ్ నంబర్ మీద నడుస్తున్నప్పుడు, శిక్షణ సెంటర్‌కిచ్చే డబ్బుని కూడా అదే నంబర్ మీద ఎందుకు నడపకూడదు?

పీఎఫ్ ఉండని పనులు బోలెడు ఉన్నాయి, ఒప్పుకుంటాను. టైలరింగ్, బ్యూటీ పార్లర్, సెల్‌ఫోన్ రిపేర్, బైక్ మెకానిక్. వీటికి బ్యాంకులు జిల్లాకొకటి చొప్పున నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల, అంటే ఆర్‌సెటీల పద్ధతి ఉంది. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్ బ్యాంక్, కెనరా బ్యాంక్ కలిసి మొదలుపెట్టిన సంస్థ దీనికి మూలం. అక్కడే ఉండి నేర్చుకునే కోర్సు కొద్ది వారాలే, కానీ ఆ తర్వాత రెండేళ్లు వెంట ఉండి చూస్తారు. లోన్ వచ్చిందా, షాపు పెట్టిందా, కిస్తీ కడుతోందా అని.

డబ్బంతా చివరికి తోసేస్తే చిన్న సంస్థలు నడవలేవు అనేది నిజమైన అభ్యంతరం. ఇంకా పెద్ద ప్రమాదం, సెంటర్లు ఎలాగైనా ఉద్యోగం తెచ్చుకోగల పిల్లల్నే ఏరి చేర్చుకోవడం. అప్పుడు పాడేరు, ఉట్నూరు ఏజెన్సీ పిల్లలకి, చిన్న బిడ్డ తల్లికి సెంటర్ తలుపే తెరుచుకోదు. అందుకే రేటు అందరికీ ఒకటి ఉండకూడదు, నిలబెట్టడం కష్టమైన మనిషికి ఎక్కువ కట్టాలి. నా మటుకు సగం డబ్బు శిక్షణ సమయంలో, సగం ఏడాది లోపు ఉద్యోగం నిలబడేకొద్దీ ఇస్తే చాలు.

ఖర్చు తగ్గించమని నేను అనడం లేదు. మన దేశంలో 15 నుంచి 29 ఏళ్ల వాళ్లలో పద్ధతి ప్రకారం వృత్తి శిక్షణ పొందినవాళ్లు 4.4 శాతమే అని 2023-24 ఆర్థిక సర్వే చెప్పింది. ఇంకా ఎక్కువ పెట్టాలి.

మొన్న ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఊళ్లోనే ఒక మెడికల్ షాపులో చేస్తోంది. తమ్ముడు టెన్త్ పాసయ్యాడు, ఎక్కడో ఉచిత కోర్సు అంటున్నారు, చేర్చమంటారా అంకుల్ అని అడిగింది. చేర్చే ముందు పోయిన ఏడాది బ్యాచ్‌లో ఇద్దరి ఫోన్ నంబర్లు అడుగమ్మా అన్నాను, మనమే మాట్లాడదాం అని. అడిగింది. వాళ్ల దగ్గర లేవట. ఇప్పుడు తమ్ముణ్ణి ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్‌కి అప్లై చేయించాం. సీటు వస్తే వెళ్లిన మొదటి రోజే ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడో లేడో చూసి చెప్పమన్నాను.