సవరణ: డ్రమ్స్ సౌండ్ ముద్దగా వస్తుంటే

పోయిన వారం డ్రమ్స్ రికార్డింగ్ గురించి రాస్తూ, పోర్టబుల్ రికార్డర్‌ని గది మూలలో నేల మీద పెట్టి ఆటో లెవెల్ (సౌండ్ స్థాయిని రికార్డరే సర్దుకునే సెట్టింగ్) ఆన్ చేసుకోమన్నాను. రెండూ తప్పే. అలా చేసి ఇబ్బంది పడినవాళ్లు క్షమించాలి.

ఆదివారం మారతహళ్లిలో మా తమ్ముడు ప్రాక్టీస్ చేసే మేడ మీద గదిలో మళ్లీ చేసి చూశాను. రెండు గోడలూ నేలా కలిసే మూలలో బేస్ పోగుపడుతుంది. అందుకే కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) గుమ్‌గుమ్మంటూ స్నేర్‌ని (అడుగున తీగలుండే చిన్న డ్రమ్‌ని) మింగేస్తోంది. రికార్డర్‌ని స్టాండుకు బిగించి, కిట్‌కి ఆరడుగుల ముందు, వాడి తల ఎత్తున పెట్టగానే స్నేర్ అడుగున తీగల గరగర కూడా విడిగా వినిపించింది! గోడకు బొంత వేలాడదీస్తే తాళాల్లాంటి సింబల్స్ మోత తగ్గింది గానీ బేస్ తగ్గలేదు. అంత పలచటి గుడ్డ దాన్ని ఆపలేదు.

ఆటో లెవెల్ ఇంకా నష్టం. దెబ్బ పడగానే వాల్యూమ్ తగ్గించి, ఆ వెంటనే గది మోతను పైకి లాగుతుంది. దాన్ని ఆపేసి, ఎంత గట్టిగా కొట్టినా మీటర్ -6 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (రికార్డర్ సౌండ్ తీసుకునే స్థాయి) చేత్తో పెట్టుకోండి.

80 హెర్ట్జ్ కింది శబ్దాలను తగ్గించే లో-కట్‌తో ముద్దతనం పోతుందని అప్పుడు రాసిందీ సరికాదు. అది ఎక్కువగా 200–400 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. 24 బిట్ వేవ్ (WAV) ఫార్మాట్‌లో రికార్డ్ చేయమన్న సలహాలో మాత్రం మార్పు లేదు.