యాసిడ్‌లో నానబెట్టమన్న అయిదు లక్షలు

ఒకే సందేశం నాకు పెళ్ళివారి గ్రూపు నుంచి, పాత విద్యార్థుల గ్రూపు నుంచి, చివరికి మా వీధి మంచినీళ్ళ ఇబ్బంది కోసం పెట్టుకున్న గ్రూపు నుంచి కూడా వచ్చి చేరింది. “తాతగారి షెడ్డులో లక్షలు” అన్న పేరుతో దక్షిణ ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి, రాయగడ, జయపురం దాకా తెలుగు తెలిసిన ప్రతి ఫోనులోకీ అది దూరినట్టుంది. సారాంశం ఇది. పాత కార్బ్యురేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించే భాగం) మీద ‘వెబర్’ అనో ‘సోలెక్స్’ అనో ఉంటే విదేశీయులు దానికి అయిదు లక్షలు ఇస్తారట. అమ్మే ముందు దానిని రాత్రంతా బాత్రూం యాసిడ్‌లో నానబెట్టాలట. అమ్మడం ఇష్టం లేనివారు జెట్లను, అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రపు ముక్కలను, సూదితో వెడల్పు చేసుకుంటే పికప్పూ మైలేజీ రెండూ పెరుగుతాయట. ఐడ్లింగ్ స్క్రూను (బండి నిలిచి ఉండగా ఇంజను తిరగడానికి మిశ్రమాన్ని సర్దే మరను) ఏ బండికైనా, ఏ ఊళ్ళోనైనా సరిగ్గా ఒకటిన్నర చుట్లే విప్పాలట. కార్బ్యురేటర్ ఎంత పెద్దదైతే బండికి అంత బలమట. ఇరవై శాతం ఇథనాలు కలిపిన ఇ20 పెట్రోలు పోసినా అది తనంతట తానే సర్దుకుంటుందట. ట్యాంకులో నాఫ్తలీన్ ఉండలు వేయాలట. జంట కార్బ్యురేటర్లను సరిచేయడానికి మీటర్లు అక్కరలేదట, ఒక రబ్బరు గొట్టం చాలునట. అడుగున ఒక ఫోను నంబరు, “పరిశీలన రుసుము రెండు వేలు” అన్న మాట.

వీటిలో కొన్ని నవ్వి వదిలేయదగినవి. యాసిడ్ మాట మాత్రం అలాంటిది కాదు కనుక ముందు దాని సంగతి చూడాలి. “అమ్మమ్మ ఇత్తడి బిందెను చింతపండుతో తోమినట్టే” అని ఆ సందేశం రాసినాయన భరోసా ఇచ్చారు. బిందె ఇత్తడిది, కార్బ్యురేటర్ ఒళ్ళు ఇత్తడిది కాదు. మన అంబాసిడర్ కార్ల మీద, ప్రీమియర్ పద్మినీల మీద సాధారణంగా కనిపించే సోలెక్స్ ఒళ్ళు జింకు మిశ్రమంతో పోతపోసినది. వెబర్ వారి డీసీఓఈ రకం, బ్రిటిష్ ఎస్‌యూ వంటి కార్బ్యురేటర్ల ఒళ్ళు అల్యూమినియం మిశ్రమం. బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. జింకును అందులో వేస్తే ఏమవుతుందో పదో తరగతి ప్రయోగశాలలో అందరమూ చూసినదే: బుసబుసమని హైడ్రోజన్ వస్తుంది, లోహం కరుగుతుంది. అల్యూమినియం పైపొర వల్ల కాసేపు ఓర్చుకుంటుంది, ఆ పొర పోయాక అది ఇంకా జోరుగా కరుగుతుంది. తలుపులు వేసిన స్నానాలగదిలో రాత్రంతా హైడ్రోజన్‌ను పోగుచేసి, తెల్లవారి లోపలికి వెళ్ళి బీడీ వెలిగించుకునే పెద్దలు మన ఇళ్ళలో తక్కువేమీ కాదు.

తెల్లవారి బయటికి తీసినప్పుడు అది తళతళలాడుతుంది నిజమే, ఎందుకంటే పాత ముఖం మొత్తం కరిగిపోయి కొత్త లోహం బయటపడుతుంది. అసలు అనర్థం కంటికి కనిపించని చోట జరుగుతుంది. కార్బ్యురేటర్ లోపల సన్నని దారులు అనేకం ఉంటాయి. వాటిని కర్మాగారంలో తొలిచి, తొలిచిన రంధ్రం నోటిని బిరడాతో మూసివేస్తారు. ఆ గుడ్డి మలుపుల్లోకి వెళ్ళిన యాసిడ్ నీళ్ళతో కడిగినా పూర్తిగా బయటికి రాదు. పైన మెరుస్తున్న వస్తువు లోపల వారాల తరబడి తినబడుతూనే ఉంటుంది. ఆ తెల్లని పొడి ఒకనాడు స్లో రన్నింగ్ జెట్టులో ఇరుక్కుంటుంది, లేదా పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె గోడ పలచబడి పెట్రోలు చెమర్చడం మొదలవుతుంది. 1489 సీసీ అంబాసిడర్ ఇంజనులో గాలి లోపలికి వెళ్ళే దారీ పొగ బయటికి వెళ్ళే దారీ ఒకే పక్కన ఉంటాయి, కార్బ్యురేటర్‌కు సరిగ్గా కిందనే కాగిన ఎగ్జాస్టు గొట్టం ఉంటుంది. ఆ చెమ్మ ఎక్కడ పడుతుందో నేను వేరుగా చెప్పనక్కరలేదు. ఇది రాసినాయనకు కారంటే పగా, లేక దానిలో కూర్చునేవారంటే పగా అన్న అనుమానం నాకు ఇప్పటికీ తీరలేదు.

పాతదానిని బాగుచేసే పని తొందరపాటుకు లొంగదు, కాని కష్టమైనదీ కాదు. ముందు ప్రతి భాగాన్నీ విప్పి, విప్పిన వరుసలోనే ఒక పళ్ళెంలో పేర్చుకోవాలి. రబ్బరు, కాగితపు గ్యాస్కెట్లు పక్కన పెట్టాక మిగిలినదానిని కార్బ్యురేటర్ క్లీనర్‌తో, మెత్తని కుంచెతో కడగాలి. అల్ట్రాసోనిక్ తొట్టి ఉన్న పనివారైతే తేలికపాటి సబ్బు ద్రావణంలో వేస్తారు. దారుల్లో అడ్డుపడినదానిని తీయడానికి నైలాను గాలం దారం వాడాలి తప్ప ఉక్కు తీగ వాడకూడదు. కళ్ళకు అద్దాలు పెట్టుకుని గాలి కొట్టాలి. అప్పుడు థ్రాటిల్ షాఫ్ట్ (గాలి దారిలోని రేకును తిప్పే కడ్డీ) చివరను వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడాలి. అది టకటకమంటే షాఫ్టూ బుష్షూ అరిగినట్టే; అక్కడి నుంచి దొంగగాలి లోపలికి పోతున్నంతకాలం ఎంతటి పనిమంతుడు మరలు తిప్పినా ఐడ్లింగ్ నిలవదు. మన ప్రాంతంలో “ట్యూనింగ్ కుదరడం లేదు” అని తెచ్చే బళ్ళలో ఎక్కువ వాటి జబ్బు ఇదే, దీని మందు మంచి లేత్ పనివాడి దగ్గర ఉంది. ఆ తరువాత కింది ఫ్లాంజిని, అంటే ఇంజనుకు బిగించే అంచును, దళసరి గాజుపలక మీద పెట్టి వంగిందేమో చూడాలి; ఎవరో మరలను మితిమీరి బిగించిన పాపం అక్కడ బయటపడుతుంది. ఈ రెండూ సందేశంలో లేవు, ఎందుకంటే ఇవి మెరవవు.

నాఫ్తలీన్ ఉండల గురించి ఒక్క మాట చాలు. అవి పెట్రోలులో కరుగుతాయి, పెట్రోలు ఆవిరైన చోట మళ్ళీ గడ్డకడతాయి, ఆ గడ్డకట్టే చోటు జెట్టే అవుతుంది. వాటిని పట్టుచీరల మధ్య ఉంచండి.

“పెద్దదైతే బలం” అన్న వాదనకు లెక్క ఒకటి చెప్పి ముగిస్తాను. అంబాసిడర్ ఇంజను నిమిషానికి 5,000 చుట్లు తిరిగినా లోపలికి పీల్చగల గాలి ఎక్కువలో ఎక్కువ 3.7 ఘనపు మీటర్లు, వాస్తవంలో 3 దగ్గర ఆగుతుంది. అమెరికా వీ8 బళ్ళకు చేసిన 600 సీఎఫ్‌ఎం (నిమిషానికి 600 ఘనపు అడుగుల) హోలీ కార్బ్యురేటర్ 17 ఘనపు మీటర్ల పని. దాన్ని తెచ్చి దీనికి బిగిస్తే వెడల్పాటి గొంతులో గాలి వేగం చచ్చిపోతుంది, వేగం లేని గాలి పెట్రోలును పైకి లాగలేదు, కాలు నొక్కగానే బండి ఉక్కిరిబిక్కిరి అవుతుంది. మితం తప్పిన భోజనానికి బలం రానట్టే అని ఆయనకు అర్థమయ్యే భాషలో చెప్పవచ్చు.

ఒకటిన్నర చుట్ల సూత్రం రాసినాయన ఘాటీ, అంటే కొండదారి, ఎక్కి ఉండరు. ఒకటిన్నర చుట్లు ఇంజను స్టార్టు చేయడానికి పనికివచ్చే ప్రారంభం మాత్రమే. అక్కడి నుంచి ఇంజను వేడెక్కాక చెవితో, చేతితో వెదుక్కోవాలి. బరంపురం దాదాపు సముద్రమట్టాన ఉంది, కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి సాంద్రత దాదాపు 8 శాతం తగ్గుతుంది, కార్బ్యురేటర్ ఇచ్చే మిశ్రమం దాదాపు 4 శాతం చిక్కబడుతుంది, అంటే గాలితో పోలిస్తే పెట్రోలు పాలు పెరుగుతుంది. సాలూరు దగ్గర చక్కగా పాడిన బండి సుంకి మలుపులు దాటి పైకి వచ్చేసరికి మందకొడిగా, నల్లపొగతో నడిచేది ఇందుకే. ఈ సంగతి ఆ దారిలో తిరిగిన పాత డ్రైవర్లలో చదువు రానివారికి కూడా తెలుసు.

సూదితో జెట్లను వెడల్పు చేయడం గురించి తిట్టడానికి సిద్ధపడి కూర్చున్నాను. 125 అని గుర్తు ఉన్న మెయిన్ జెట్టు రంధ్రం వ్యాసం 1.25 మిల్లీమీటర్లు. దాని మీద 0.05 పెంచితే, అంటే 130 చేస్తే, రంధ్రపు వైశాల్యం 8 శాతం పెరుగుతుంది. ఇంత సన్నని లెక్కలో కుట్టుసూది పెట్టి కెలికితే వచ్చేది కొలతా కాదు, వృత్తమూ కాదు. పికప్పు, మైలేజీ రెండూ కలిసి పెరగడమైతే ఏ కొలతతోనూ జరగదు. అయితే ఇక్కడ ఆ సందేశానికి నేను ఒక విషయం ఒప్పుకోక తప్పదు. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న ఇ20కి నిజంగానే కాస్త పెద్ద జెట్టు కావాలి. శుద్ధ పెట్రోలు ఒక వంతుకు 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాలుకు 9 వంతులు చాలు, ఇరవై శాతం కలిపితే లెక్క 13.5 దగ్గర తేలుతుంది. ఇంజెక్షన్ బళ్ళలో ఆక్సిజన్ సెన్సర్ ఉండి ఈ తేడాను పట్టి సర్దుతుంది. కార్బ్యురేటర్‌కు ముక్కు లేదు కనుక “తనంతట తానే సర్దుకుంటుంది” అన్నది శుద్ధ అబద్ధం. పాత జెట్టుతోనే నడిపితే మిశ్రమం పలచబడి, కాలు నొక్కిన దగ్గర తడబాటు, వాల్వులకు అదనపు వేడి తప్పవు. అంటే సందేశంలోని పెద్ద జెట్టు మాట కొంత నిజమయ్యేది, సర్దుకుంటుందన్న మాట అబద్ధం కావడం వల్ల. కొలత గుర్తున్న కొత్త జెట్టు కొని, ఒక్కొక్క మెట్టే పెంచి, ప్రతిసారీ మిశ్రమం కుదిరిందో లేదో స్పార్క్ ప్లగ్గు రంగులో చూసుకోవాలి. ఘాటీ మీదివారికి ఒక ఊరట కూడా ఉంది: ఎత్తు చిక్కబరిచినదానిని ఇ20 కొంత పలచబరుస్తుంది కనుక కోరాపుట్ బండికి బరంపురం బండి కంటే తక్కువ మార్పు చాలు. జెట్టుతో పాటు పాత రబ్బరు గొట్టాలను ఇథనాలుకు ఓర్చే రకంతో మార్చుకోవాలి. బండి నెలల తరబడి నిలిపితే ఫ్లోట్ గిన్నె ఖాళీ చేయాలి, ఎందుకంటే ఇథనాలు తేమను పీలుస్తుంది, సముద్రపు ఒడ్డున గోపాలపురం వైపు గాలిలో తేమకు కొదవ లేదు.

రబ్బరు గొట్టం మాట కూడా నిజమే. ఒక కొసను చెవి దగ్గర, రెండో కొసను ఒక్కొక్క కార్బ్యురేటర్ నోటి దగ్గర పెట్టి ‘స్’ మనే శబ్దం రెండింటిలో సమానం అయ్యేదాకా థ్రాటిల్ మరలు సర్దడం ఎస్‌యూల కాలం నుంచి ఉన్న పద్ధతి. మీటరు ఉంటే మంచిది, లేకపోతే బండి ఆగదు. దీనిని ఎవరి దగ్గరో ఎత్తి రాసినట్టున్నారు, శైలి కూడా వేరుగా ఉంది.

ఇక అయిదు లక్షలు. ఎడొవార్డో వెబర్ 1923లో ఇటలీలోని బొలోనాలో మొదలుపెట్టిన సంస్థ పేరు లెక్కలేనన్ని కార్బ్యురేటర్ల మీద ఉంది. తయారీ తరువాత స్పెయిన్‌కు మారింది, 45 డీసీఓఈ 152 వంటి రకాలు నేటికీ కొత్తవి డబ్బాలో దొరుకుతాయి, వాటికి నకళ్ళూ దొరుకుతాయి. కొత్తది కొనగలిగినదానికి పాతదనం ఒక్కటే ధర తేదు. ధర పలికేది ఎప్పుడంటే, ఆ వస్తువు ఒక ఫలానా బండికి, ఒక ఫలానా సంవత్సరానికి సరిగ్గా సరిపోయినప్పుడు. లోటస్ ఎలాన్ మీద జంట 40 డీసీఓఈలు ఉండేవి, ఫెరారీ 250 జీటీఓ మీద ఆరు 38 డీసీఎన్‌లు ఉండేవి. అలాంటి బండిని అసలు రూపంలో నిలపాలనుకునేవాడు జత విడిపోని, అంకెలు చెరగని, కర్మాగారపు పూతతో ఉన్న సెట్టు కోసం నిజంగానే పెద్ద మొత్తం పెడతాడు. సోలెక్స్ మాటకు వస్తే, అది మన దేశంలో లక్షల బళ్ళ మీద వచ్చింది. పనిచేసే స్థితిలో ఉన్నది పద్మిని నడిపేవాడికి అవసరమే, విదేశీ సంగ్రాహకుడికి కాదు. మెరుగుపెట్టే చక్రం మీద రుద్దడం అన్నిటికంటే పెద్ద తప్పు, దానితో పూతా పోతుంది, ధర చెప్పే అంకెలూ పోతాయి. అమ్మదలచినవారు మట్టితో సహా అలాగే ఉంచి, మూత మీద, ఒంటి మీద ఉన్న అంకెలన్నీ పగటి వెలుగులో ఫొటో తీయండి.

ఆ ఫోను నంబరుకు ఇప్పటికే రెండు వేలు పంపినవారు మా గ్రూపులోనే ఉన్నారు, పేరు చెప్పను. పంపబోతున్నవారు ముందు ఒక పని చేయవచ్చు: దగ్గర ఒక డీసీఓఈ ఉందని ఆయనకు చెప్పి ఊరుకోండి. కొనేవాడైతే మొట్టమొదట అడిగేది ‘40 డీసీఓఈ’ అన్న అక్షరాల తరువాత ఏ అంకె ఉందని. ఆయన దానికి బదులు మీ బ్యాంకు ఖాతా సంగతి అడిగితే ఫోను పెట్టేయండి.