మామిడి చెట్టుకు అవగాహన సదస్సు

రైతులు మార్కెట్‌కు అనుగుణంగా మారాలని సెలవిచ్చే పెద్దలకు మన దగ్గర కొదవ లేదు. సదస్సు ఏదైనా సరే, శాలువాలూ పూలగుత్తులూ పూర్తయ్యాక మైకు అందుకున్న ప్రతివారూ ఈ ఒక్క మాటనే, ఆ ఉదయమే కనిపెట్టినంత గంభీరంగా, అరగంటసేపు వినిపిస్తారు. ఇంతటి జ్ఞానం రైతులకే పరిమితం కావడం అన్యాయం. కాబట్టి చిత్తూరు జిల్లాలోని తోతాపురి మామిడి చెట్లకు కూడా అవగాహన సదస్సులు నిర్వహించాలని ప్రభుత్వానికి సవినయంగా మనవి చేస్తున్నాను.

ఎందుకంటే అసలు మొండిఘటం ఆ చెట్టే. రైతు మారనని ఎన్నడూ అనలేదు. వానలు మొహం చాటేసి వేరుశనగకు పెట్టిన పెట్టుబడి కూడా తిరిగిరాని రోజుల్లో, మామిడికి మారండి, గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి, విదేశాల్లో గిరాకీ ఉంది అని చెబితే బుద్ధిగా మారాడు. మొక్కలు నాటి, బిందెలతో నీళ్లు మోసి, కాపు కోసం ఏళ్ల తరబడి కాచుకున్నాడు. చెట్టు మాత్రం 2025 వేసవిలో, ఓడల దారులు ఎలా ఉన్నాయో, ఫ్యాక్టరీ గోదాముల్లో నిరుటి గుజ్జు డ్రమ్ములు ఎన్ని మిగిలాయో వాకబు చేయకుండా, బాధ్యతారహితంగా విరగకాసింది.

సదస్సు తోటలోనే జరగాలి. అతిథులకు కట్టే తోరణానికి ఆకులు శిక్షణార్థి నుంచే కోసుకోవచ్చు గనుక ఖర్చు కలిసివస్తుంది. మొదటి గంటలో, ధర తెలిసేదాకా పూతను బిగబట్టడం ఎలాగో నేర్పుతారు. రెండో గంటలో, జూన్ నెల మధ్యలో గిరాకీ పడిపోతే పక్షం రోజుల్లో అవకాడోగా మారే మెళకువలు చెబుతారు. మామిడికాయ పప్పుతో భోజనాలయ్యాక, ఫ్యాక్టరీ గేటు ముందు వరుసలో ఎన్నాళ్లున్నా పండకుండా నిగ్రహించుకోవడమెలాగో ఒక విశ్రాంత అధికారి ఉపదేశిస్తారు. చెట్టు తల ఊపుతుంది. ఊపింది గాలికే అయినా, హాజరుపట్టీలో మాత్రం అవగాహన పొందినట్టే నమోదవుతుంది.

ఈ శిక్షణ ముందే ఇచ్చి ఉంటే ఆ జూన్‌లో అంత ఇబ్బంది ఉండేది కాదు. టోకెన్లు చేతబట్టుకుని ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరాయి, రైతులు ట్రాలీల కిందే పడుకున్నారు, అడుగున ఉన్న కాయ నలిగి గేటు దాటకుండానే రసమై రోడ్డు మీదికి కారింది. కిలోకు ఫ్యాక్టరీ ఎనిమిది రూపాయలివ్వాలని, ప్రభుత్వం నాలుగు కలుపుతుందని, మొత్తం పన్నెండు ముడుతుందని ప్రకటించారు. కర్ణాటక కాయ రాకుండా సరిహద్దులో ఆపారు, దాని మీద అప్పుడు కర్ణాటక ముఖ్యమంత్రిగా ఉన్న సిద్ధరామయ్య ఉత్తరం రాశారు. సరిహద్దుకు అవతల, కోలారు జిల్లా శ్రీనివాసపురంలో ఇంట్లో తెలుగే మాట్లాడుకునే మామిడి రైతుకు, తన కాయకు హఠాత్తుగా వచ్చిపడిన ఈ పరాయితనం ఏమిటో బోధపడలేదు.

ఆ ఎనిమిది రూపాయలూ పూర్తిగా రాలేదని, చీటీలు రాసిచ్చి నెలల తరబడి తిప్పారని రైతులు రోడ్డెక్కి మొత్తుకున్నప్పుడు, వేదిక మీది పెద్దల్లో ఒక్కరికైనా గొంతు పెగిలిందా? మారాలి, మారాలి అంటారే, ఎవరు మారాలి? ఎంత కాయ కొంటారో, ఏ ధరకు కొంటారో పూతకు ముందే రాసిచ్చే పద్ధతికి ఫ్యాక్టరీ మారనక్కర్లేదు. కౌలుదారు పేరు కూడా రాసుకునే పద్ధతికి బ్యాంకు మారనక్కర్లేదు. నిరుటి గుజ్జు మిగిలిపోయిందన్న సంగతిని కాయ చెట్టున ఉండగానే ఊళ్లో చెప్పే పద్ధతికి మార్కెటింగ్ శాఖ మారనక్కర్లేదు. లాభం వచ్చినప్పుడు ఎగుమతుల ఘనత మీదా, ధర పడినప్పుడు అవగాహన లోపం రైతుదా? సిగ్గుండాలి కదా!

కొందరు రైతులు విసిగి చెట్లు కొట్టేశారు. దీన్ని కూడా పంట మార్పిడి కింద లెక్క వేసి, విజయగాథ శీర్షికతో కరపత్రం అచ్చు వేయించగల సమర్థులు మనకున్నారు. ఆ కరపత్రంలో ఒక వివరం తప్పక చేర్చాలని నా సూచన. ఇరవై ఏళ్లు పెంచిన చెట్టును దుంగలు కోయించి అడితికి తోలితే, అడితి యజమాని తూకం వేసి, అక్కడికక్కడే నోట్లు లెక్కపెట్టి రైతు చేతిలో పెడతాడు.