నీళ్లున్న కాలువలు

కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. గది మాత్రం తిరుగుతూనే ఉంది.

మే నెలలో కర్నూల్లో తెల్లవారుజామున ఫ్యాను ఆగడం వార్త కాదు. ఆగిన ఫ్యాను కింద ఇల్లు తిరగడం వార్త. గోడమీది క్యాలెండరు కుడి నుంచి ఎడమకు పరుగెత్తుతోంది, మొదటికొచ్చి మళ్లీ పరుగెత్తుతోంది. రెండు చేతులతో మంచంపట్టె పట్టుకున్నాను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఏకమై ఊళ్లోకి వచ్చిన రోజున కూడా ఈ ఇల్లు అంగుళం కదల్లేదు. ఇప్పుడు చుక్క నీరు లేకుండా కొట్టుకుపోతోంది. లేచి నిలబడబోయి కుడిపక్కకు ఒరిగాను. తరువాత బకెట్టు, వాంతులు. ఆ భాగం మనకొద్దు.

కర్నూల్లో తల తిరగడానికి కారణాలు మా తాతల కాలంలోనే ఖరారయ్యాయి. కొత్తవి చేర్చే వీలు లేదు. ఎనిమిది గంటలకల్లా మంచం చుట్టూ అఖిలపక్షం కూడింది. "పైత్యం నాయనా, నిమ్మకాయ పిండుకొని తాగు, అదే దిగుతాది" అంది పక్కింటి పెద్దమ్మ. మేడమీద అద్దెకుంటున్న రిటైర్డు డిప్యూటీ తహశీల్దారు గారు బీపీ అని నోట్‌ఫైలు రాసేశారు. ఎదురింటాయనకు షుగరుంది కాబట్టి నాదీ షుగరే అన్నాడు. ఆయన తోడు లేనిదే టీ కూడా తాగడు. మా బామ్మర్ది రెండు వేళ్లతో నా పొట్టమీద తట్టి, "గ్యాస్ బావా, సందేహమే లేదు" అని తేల్చాడు. ఆదోని నుంచి ఫోనులో మా అక్క, దిష్టి తీయించమని హుకుం జారీ చేసింది. ఎర్రనీళ్లు తిప్పారు కూడా. నేను తిరుగుతున్న దిక్కునే తిప్పడంతో కాస్త ఎక్కువైంది.

ఇంతమందిలో చెవి తరఫున మాట్లాడిన మనిషి లేడు. తప్పు చెవిదే అనుకోండి. నొప్పి లేదు, చీము లేదు, వినపడటంలో లోటు లేదు. వీధి చివర ఉగ్గాణి బండివాడు గరిటె కొట్టే చప్పుడు మంచంలోకి శుభ్రంగా వినిపిస్తోంది. ఫిర్యాదు చేయని వాడి గోడు ఎవరు వింటారు? వారం కింద జలుబు చేసిన మాట నిజమే గానీ, అది ముక్కు శాఖకు చెందిన విషయమని ఆ ఫైలు అప్పుడే మూసేశారు.

చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారు ఆ ఫైలు తిరగదోడారు. ఆయన దగ్గర పెద్ద యంత్రమేదీ లేదు. నా కళ్లలోకి చూశారు, అవి నాకు తెలియకుండానే ఎడమకు ఎగిరెగిరి పడుతున్నాయట. తన ముక్కు మీదే చూపు నిలపమని, నా తలను రెండు చేతులా పట్టుకొని చటుక్కున పక్కకు తిప్పారు. ఎడమకు తిప్పితే చూపు నిలిచింది. కుడికి తిప్పితే జారింది, జారి మళ్లీ ముక్కును వెతుక్కుంది. "కుడిచెవి నుంచి మెదడుకు పోయే బ్యాలెన్స్ నరం వాచింది. జలుబు తెచ్చిన వైరస్సో, దాని చుట్టమో చేసిన పని. దీన్ని వెస్టిబ్యులర్ న్యూరైటిస్ అంటాం. వినికిడి కూడా తగ్గి ఉంటే లోపలి చెవి మొత్తం వాచినట్టు, దాన్ని లాబ్రింథైటిస్ అనేవాళ్లం" అన్నారు.

ఇక్కడ సీమ పాఠకులు కాస్త ఓపిక పట్టాలి, కాలువల ప్రస్తావన వస్తోంది.

లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార కాలువలుంటాయి. పాఠ్యపుస్తకాల్లో కుల్యలంటారు, కుల్య అన్నా కాలువే. మూడూ మూడు దిక్కులకు, ఒకదానికొకటి దాదాపు లంబకోణంలో ఉంటాయి. వాటి నిండా ఏడాది పొడవునా నీరు. మళ్లీ చదువుకోండి, ఏడాది పొడవునా. శిలాఫలకం లేదు, ఎన్నికల హామీ లేదు, టెండరు లేదు. సుంకేసుల బ్యారేజీలో గేటెత్తితే నీళ్లు ఎప్పటికి వస్తాయోనని కర్నూలు-కడప (కె.సి.) కాలువ చివరి ఆయకట్టు రైతు ఎదురుచూస్తుంటాడు గానీ, అతని రెండు చెవుల్లో కలిపి ఆరు కాలువలు నిండుగా ఉన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

తల తిరిగినప్పుడు ఆ నీరు కదులుతుంది. కాలువ మొగదల సన్నని రోమాలున్న కణాలు కాపలా కాస్తుంటాయి, కాలువ గట్టున నీటి లెక్క చూసే మన లస్కర్ల మాదిరి. నీరు ఎటు ఒరిగితే అవి అటు ఒరిగి, నరం గుండా మెదడుకు లెక్క పంపుతాయి. తల కదలకపోయినా లెక్క పంపడం మానవు. రెండు చెవులూ సమానంగా పంపితే తల నిలకడగా ఉందని అర్థం. ఎడమకు తిరిగితే ఎడమ లెక్క పెరుగుతుంది, కుడిది తగ్గుతుంది. మెదడు ఆ రెండు లెక్కల తేడా చూసుకునే బోర్డు. నదీజలాల బోర్డుల కింద బతికే మనకు ఇంతకంటే విడమరచి చెప్పనక్కర లేదు. కుడిగట్టు లస్కరు జ్వరమొచ్చి లెక్క పంపలేదు. ఎందుకు రాలేదని కనుక్కోకుండా, ఎడమగట్టు లెక్క ఎక్కువ కనబడుతోంది కాబట్టి మనిషి ఎడమకు గిరగిరా తిరుగుతున్నాడని బోర్డు తీర్మానం చేసింది. ఆ తీర్మానం ప్రకారం కళ్లకు ఆదేశాలు పోయాయి, కడుపుకు నకలు పోయింది. మంచంలో పడుకున్న మనిషి అభ్యంతరాన్ని రికార్డు చేయలేదు.

చెవికి ఈ అన్యాయం ఇవాళ్టిది కాదు. తల తిరిగిందంటే మెదడుకు రక్తం పోటెత్తిందని ఐరోపా డాక్టర్లు కూడా వాదించేవారు. కాదు, లోపలి చెవి నుంచి కూడా రావచ్చని ప్రాస్పర్ మెనియెర్ అనే ఫ్రెంచి వైద్యుడు 1861లో చెప్పాడు. తరువాత వియన్నాలో రాబర్ట్ బరానీ అనే చెవి డాక్టరు, రోగుల చెవులు కడిగేటప్పుడు ఒక వింత గమనించాడు. చల్లటి నీళ్లు పోస్తే కళ్లు ఒకవైపు కొట్టుకుంటాయి, వేడినీళ్లు పోస్తే రెండోవైపు. చల్లదనానికి, వేడికి లోపలి కాలువలో నీరు కదులుతోందన్నమాట. ఏ చెవి కాలువ పనిచేస్తోందో, ఏది పడకేసిందో తేల్చే పరీక్ష అలా పుట్టింది. దానికి 1914 నోబెల్ బహుమతి. కబురు అందేటప్పటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ. మన దగ్గర నీళ్లు వదిలి కాలువ పారుతోందా లేదా అని నిజంగా పరీక్షించిన ఇంజనీరుకు బదిలీ కాగితం వస్తుంది. ఆయనకు నోబెల్ వచ్చింది. ఖైదు మాత్రం ఇద్దరికీ సమానం.

డాక్టరుగారు స్కానింగు రాయలేదు. ఇది మా బంధువర్గంలో తీవ్ర అసంతృప్తికి దారితీసింది. చీనీకాయల సంచితో చూడవచ్చినవాళ్లు, "ఎమ్మారైలో ఏమొచ్చింది?" అని అడగడం, తీయలేదంటే సంచి వైపు ఒకసారి చూసుకోవడం. ఫిల్మును వెలుతురుకు ఎత్తిపట్టి చూడలేని రోగానికి మర్యాద తక్కువ. "తల పట్టుకొని తిప్పినాడంట, దానికి ఫీజంట" అని మా బామ్మర్ది వారం రోజులు చెప్పుకున్నాడు.

ఇది మాత్రం వ్యంగ్యం కాదు. కళ్లు తిరగడంతో పాటు మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒకటి రెండుగా కనబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ఆసరా ఉన్నా నిలబడలేకపోయినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి ఉన్నట్టుండి వచ్చినా అది చెవి పని కాకపోవచ్చు, మెదడులో పక్షవాతం కావచ్చు. అప్పుడు నిమ్మకాయ పిండుతూ కూర్చోకుండా 108కి ఫోను చేయాలి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే దానికీ ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. వినికిడిని కాపాడే మందుకు ఆలస్యం పనికిరాదు.

పక్కింటి పెద్దమ్మకూ కళ్లు తిరుగుతాయి, కానీ ఆమెది వేరే కథ. మంచంలో పక్కకు దొర్లినా, అటకమీది డబ్బా కోసం తలెత్తినా గిర్రున తిరిగి, నిమిషం లోపే ఆగిపోతుంది. చెవిలో సున్నపురాయి పలుకులుంటాయి, కాల్షియం కార్బొనేటు. బేతంచెర్ల నాపరాయిలో ఉన్నదీ ప్రధానంగా అదే. అవి ఉండాల్సిన చోటు నుంచి జారి కాలువలో పడితే ఈ బాధ. 2022లో బేతంచెర్ల నంద్యాల జిల్లాకు పోయింది గానీ పెద్దమ్మ చెవిలోని గని కర్నూలు జిల్లాలోనే ఉండిపోయింది. దీనికి మందు బిళ్ల కాదు. ఎప్లీ అనే అమెరికా డాక్టరు చెప్పిన వరుసలో తలను అటూ ఇటూ తిప్పి, పడుకోబెట్టి, దొర్లించి, లేపి కూర్చోబెడితే పలుకులు కాలువలోంచి బయటికి జారతాయి. చాలామందికి ఒకటి రెండుసార్లకే నయమవుతుంది. కాలువలో పూడిక తీయడం ఇంత చవకగా జరిగిపోతుందని తెలిస్తే మా జిల్లాలో కొందరు కాంట్రాక్టర్లు బెంగ పెట్టుకుంటారు. వాచిన నరానికి మాత్రం ఈ దొర్లింపు పనిచేయదు. మా బామ్మర్ది ఫోనులో వీడియో పెట్టుకొని నన్ను రెండుసార్లు మంచంమీద దొర్లించాక ఆ సంగతి తెలిసింది.

మరి నాకేమిటి వైద్యం? మొదటి రెండు మూడు రోజులు వాంతులకు, తిరుగుడుకు బిళ్లలు. ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ లాంటివి బోర్డును జోకొడతాయి. ఆ కాస్త జోకొట్టడం అవసరమే, లేకపోతే గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవవు. ఆ తరువాతా మింగుతూ పోతేనే తంటా. కుడిగట్టు లెక్క తప్పని తెలుసుకొని, కొత్త లెక్కకు సర్దుకునే తెలివి బోర్డుకు ఉంది. కానీ అది మేలుకొని ఉండాలి, తల కదలాలి, కళ్లు తిరగాలి, తప్పు దానికి కనబడాలి. నిద్రపుచ్చితే ఎప్పటికి నేర్చుకుంటుంది? మా వీధిలో ఒకాయన మూడేళ్లుగా ఆ బిళ్ల వేసుకుంటున్నాడు. ఇప్పటికీ గోడ పట్టుకొనే నడుస్తాడు. బిళ్ల మానేస్తే పడిపోతానని ఆయన భయం.

"రెస్టు తీసుకో సారూ" అని చెప్పనివాడు లేడు. నాలుగో రోజు నుంచి మంచం దిగమని డాక్టరుగారు ఒక్కరే చెప్పారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులో తలకు దెబ్బలు తగిలిన సైనికుల కోసం కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు తయారుచేసిన కసరత్తులు నేర్పారు. ముందు కళ్లు తిప్పడం, తరువాత తల, కూర్చొని లేవడం, కడకు కళ్లు మూసుకొని నడవడం. చేస్తుంటే తిరుగుడు ఎక్కువవుతుంది, ఎక్కువైతేనే పనిచేస్తున్నట్టు. నిలదొక్కుకోవడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు. స్కూటరెక్కడం, నిచ్చెనెక్కడం అప్పటిదాకా బందు. పొద్దున్నే గోడలు తడుముకుంటూ వీధిలో పోతుంటే, "ఏమప్పా, ఇంత పొద్దున్నే ఏసినాడా?" అన్న మాట కూడా స్పష్టంగా వినిపించింది. చెప్పాను గదా, వినికిడికి లోటు లేదు.

మూడో వారానికి కొండారెడ్డి బురుజు దాకా పోగలిగాను. కదలని వస్తువు మీద చూపు నిలిపి తలను పక్కలకు తిప్పాలి. బొటనవేలు ఎత్తిపట్టుకోమన్నారు గానీ ఆ కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబులుకు బొటనవేలు చూపించే ధైర్యం చాలలేదు. బురుజునే చూస్తూ తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాను. పక్కన ఆటో ఆగింది.

"యాడికి సారూ? అరవై ఇయ్యి."

కసరత్తు మధ్యలో ఆపకూడదు. తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను.

"సరే, యాభై."

బురుజు ఇంకా కొంచెం ఊగుతోంది. ఊపుతున్నాను.

"నలభై. ఇంగ తగ్గేది లేదు సారూ, గ్యాస్ ధర నువ్వు చూస్తానే ఉండావు."

ఇరవై సార్లు పూర్తయ్యాయి. ఇక రెండో కసరత్తు, తల నిలువుగా. మొదలుపెట్టాను.

"ఆ, అట్ల రా" అని చేయి పట్టి ఎక్కించుకున్నాడు.