చలిమిడిలో పడ్డ కీలు

బెంగళూరులో నా ఉద్యోగం బుల్లి బుల్లి లోహపు భాగాలు డిజైన్ చేయడం. ఆ ముక్క మా ఊరు అంబాజీపేటలో చెబితే, "మా అమ్మాయి జాకెట్టుకి మంచి డిజైనొకటి గీసిపెడుదూ" అంటారు. అందుకే ఈ సంక్రాంతికి సాక్ష్యంగా ఒక శాంపిల్ జేబులో వేసుకొచ్చాను.

చింతగింజలో సగం ఉంటుందది. కీలు, కొక్కెం, స్క్రూ పట్టే బొడిపె విడివిడిగా ఉండేవి. మూడింటినీ కలిపి ఒక్కటి చేశాను. జిర్కోనియం, రాగి, నికెల్ లాంటివి కలిసిన లోహం. కరిగించి అచ్చులోకి నెట్టి, అణువులు వరసల్లో సర్దుకునే టైమివ్వకుండా చల్లార్చేస్తారు. అప్పుడు లోపల గాజులాగా ఉండిపోతుంది, గట్టిదనం మాత్రం లోహానిదే.

"మొదటిది విరిగిపోయిందన్నావు కదరా?" అంది అమ్మ, అందరి ముందూ.

విరిగింది నిజమే. బొడిపె దగ్గర మందం ఎక్కువ పెట్టాను. అక్కడ లోపలి వేడి త్వరగా పోలేదు, అణువులు వరస కట్టేశాయి. వంచగానే పుటుక్కుమంది.

మామ్మ అరిసెల పాకం చుక్క నీళ్ళ పళ్ళెంలో వేసి, వేళ్ళతో ఉండ చేసి చూస్తోంది. "పంచదార పాకం గిన్నెలో వదిలేస్తే పలుకు కట్టదూ? చుక్కయితే ఠక్కున బిగుస్తుంది. లావుగా పొయ్యమని నీకెవడు చెప్పాడు?"

మూడు వారాలు కంప్యూటర్లో సిమ్యులేషన్ నడిపి నేను తేల్చింది సరిగ్గా ఇదే. మధ్యలో తొలిచి, గోడలు పలచన చేశాకే రెండోది నిలబడింది. పరువు దక్కించుకుందామని, "ఇలాంటి లోహం మొదట 1960లో కాలిఫోర్నియాలో చేశారు మామ్మా, బంగారంలో సిలికాన్ కలిపి, సెకనుకి పది లక్షల డిగ్రీల వేగంతో చల్లార్చి..." అని మొదలెట్టాను.

"బంగారమా? ఎన్ని కాసులు?"

చూపిద్దామని తీశాను. నెయ్యి చేతులు. జారింది. ఈ లోహం స్టీలుకంటే ఎక్కువ వంగి మళ్ళీ మొదటికొస్తుంది. ఆ గుణాన్ని కస్టమరుకి నేనే గొప్పగా అమ్మాను. గ్రానైట్ గచ్చు మీద రెండు గెంతులు గెంతి మాయమైపోయింది.

ఉన్న మంచి శాంపిల్ అదొక్కటే. పొద్దున్నే ఫొటోలు పంపాలి. నాకు టెన్షన్, పిల్లలకి పండగ.

"దానికేముందిరా!" అని బాబాయ్ పాత స్పీకరు అయస్కాంతానికి తాడు కట్టి ఇల్లంతా ఈడ్చాడు. రెండు పిన్నీసులు, ఒక మేకు, పోయినేడాది పోయిన బీరువా తాళంచెవి దొరికాయి. తాళంచెవి దొరికాక అమ్మకి నా కీలు మీద ఆసక్తి పోయింది. నా లోహం అయస్కాంతానికి అంటదని నాకు తెలుసు. కానీ అంత హుషారుగా ఉన్న మనిషికి ఎలా చెప్పను?

"దొరకనంత చిన్నది చెయ్యడం దేనికిరా?" అంది మామ్మ. కాంపాక్ట్ అన్న మాటకి తెలుగు వెతుక్కుంటూ ఊరుకున్నాను.

ఇంతలో, నూనెలోంచి తీసిన అరిసెని చెక్కల మధ్య పెట్టి నొక్కుతున్న పిన్ని "టక్" అన్న చప్పుడుకి ఆగింది. "ఇందులో రాయుందండోయ్!"

రాయి కాదు. గెంతి చలిమిడి గిన్నెలో పడి, అరిసెతో పాటు వేగి వచ్చింది. వంకర లేదు, గీత లేదు. ఈ లోహం మెత్తబడాలంటే 350 డిగ్రీల దాకా కాగాలి. మా బూరెల మూకుడు అంత దూరం పోదు.

గుడ్డతో తుడిచి, రాత్రికి రాత్రే ఫొటో తీసి పంపేశాను. బొడిపె పక్కన తొలిచిన గాడిలో నువ్వుగింజ ఒకటి బిగుసుకుని ఉందని పంపాక చూశాను.

కస్టమర్ జవాబు పొద్దున్నే, భోగిమంట దగ్గరుండగా వచ్చింది: "గాడిలో ఇన్సర్ట్ చక్కగా కూర్చుంది. ఏ మెటీరియల్?"