దోమలన్నీ చావక్కర్లేదు
వ్యాధి ఎలా పాకుతుందో లెక్కగట్టడం కోవిడ్‌తోనే మొదలైనట్టు మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. కాదండి. 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రోనాల్డ్ రాస్ అనే డాక్టరే ఆ తర్వాత ఈ లెక్కా కట్టాడు. దోమలన్నిటినీ చంపక్కర్లేదు, వాటి సంఖ్యను ఒక హద్దు కిందకి దించితే మలేరియా దానంతటదే తగ్గిపోతుందని లెక్క వేసి చూపించాడు.

ఇంకో మాట. ఆ వ్యాసంలో చెప్పినట్టు జిల్లా మొత్తానికి ఒకే సగటు తీసుకుని మోడల్, అంటే వ్యాధి ఎలా పాకుతుందో చెప్పే లెక్క, వేస్తే ఏం తెలుస్తుంది? కిందటి వానాకాలం మా వీధిలో డెంగీ వచ్చిన నాలుగిళ్లూ ఒకే ఖాళీ స్థలం చుట్టూ ఉన్నాయి. అక్కడ పడేసిన పాత టైర్లో, కొబ్బరి చిప్పల్లో నీళ్లు, వాటి నిండా లార్వాలు. పక్క వీధిలో ఒక్క కేసూ లేదు. డెంగీ దోమ మామూలుగా కొన్ని వందల మీటర్లు దాటి ఎగరదు. వ్యాధిని ఊళ్లు దాటించేది మనం ఎక్కే బస్సులూ రైళ్లే. మరి ఆ ప్రయాణాల లెక్క మోడల్‌లో ఎక్కడ?